పలక గూళ్ళకు గొంగళ్ళు

టేపు రికార్డరు మూత ఊడదీసి, లోపలి వాల్వులన్నీ ఒక్కొక్కటే తట్టి చూసి, "దీంట్లో ఏ రోగమూ లేదు మేడమ్" అని రేడియో మెకానిక్కు యేసుదాసు చేతులు దులుపుకున్నాడే, అక్కడ కదా మనం శ్రీశైలమ్మను వదిలిపెట్టాం. రోగం దొరికి ఉంటే బాగుండేది. రోగమంటూ తెలిస్తే మందు వెతుక్కోవచ్చు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పని మాత్రం జరగదు అంటే మనిషి ఎవరి మీద కోప్పడాలి?

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్ళు దాటింది, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ఊరి శివార్లలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే భాషా ప్రయోగశాల ఒకటి పెట్టారు. ఒక పెద్ద టేపు రికార్డరు, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు, పిల్లలు ఒక్కొక్కరూ విడిగా కూర్చుని చదవటానికి గోడ వెంబడి చిన్న చిన్న గూళ్ళు, గూటికొక మైకు. పిల్లవాడు చదివింది టేపుకెక్కుతుంది, వాడి గొంతు వాడికే వినిపిస్తుంది, ఎక్కడ తడబడ్డాడో వాడికే తెలుస్తుంది. ఆ కేంద్రం బాధ్యతంతా శ్రీశైలమ్మది. దోర్నాల వైపు గొర్రెలు కాసుకునే కాటమరాజు కూతురు ఆమె. హైదరాబాదులో శిక్షణకు వెళ్ళినప్పుడు ఇటువంటి గదిలోనే తన గొంతు తాను మొదటిసారి విన్నది, విని సిగ్గుపడింది, సిగ్గుపడి దిద్దుకున్నది. గిద్దలూరు నుంచీ హనుమంతునిపాడు నుంచీ వచ్చే పిల్లలకు ఆ అవకాశం దక్కాలన్నదే ఆమె పట్టుదల.

తీరా టేపు పెట్టి వింటే ఏముంది? ఒక్క మాటా తేలదు. అంతా ఒక మోత. మొదటి టర్ము టేపులు విని, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పే రీడరు బ్రహ్మంగారు, "మీ పిల్లలు బావిలో కూర్చుని చదివారాండీ?" అన్నాడు. శుక్రవారం తానే వస్తానన్నాడు. "నా ఎదుట చదివిస్తే పిల్లలు బిగుసుకుపోతారు. ముందే చదివించి పెట్టండి, నేను టేపు మాత్రం వింటాను. మాట స్పష్టంగా ఉందా, సరే. లేదా, మిషను నా జీపులోనే కర్నూలు వెళ్ళిపోతుంది" అని తేల్చి చెప్పాడు. ఇవాళ గురువారం.

"మేడమ్, లోపల వెలుతురు సరిపోవడంల్యా. వరండాలో పెట్టుకోని మూత బిగిస్తా" అన్నాడు యేసుదాసు.

ఇద్దరూ చెరొకవైపు పట్టుకుని ఆ బరువును వరండాలోకి మోశారు. మిషను కాదది, మోసేవాళ్ళ ప్రాణం తీసే ఇనప్పెట్టె. యేసుదాసు తీగ లాగి తలుపు పక్కన ప్లగ్గులో పెట్టి, మైకు ఆమె చేతికిచ్చాడు. "ఏదన్నా మాట్లాడండి. ఒకసారి చూసుకోని మూసేస్తా."

ఏం మాట్లాడుతుంది? రాత్రి సరిగా నిద్ర లేదు. వేవిళ్ళ మనిషికి అన్నం చూస్తే ఎట్లా ఉంటుందో ఆ మిషనును చూస్తే ఆమెకు అట్లా ఉంది. "నాకు విసుగొచ్చింది యేసుదాసూ. దీన్ని తీసకపోయి గుండ్లకమ్మ ఏట్లో పారేసి, ఇంటికి పోయి ముసుగుదన్ని పడుకోవాలనుంది" అన్నది మైకులోకి.

యేసుదాసు నవ్వుతూ టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

నాకు విసుగొచ్చింది యేసుదాసూ. తేటగా, చెవి పక్కన నిలబడి చెప్పినట్టుగా వచ్చింది మాట. వెనక చూరు మీద కాకి అరిచింది కూడా వచ్చింది. గుండ్లకమ్మ అన్న మాట దగ్గర ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడూ వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లోపలికి పదండి" అన్నది శ్రీశైలమ్మ. మళ్ళీ మోశారు. గూటిలో కూర్చుని అవే మాటలు చెప్పింది. మోత. మళ్ళీ బయటికి మోశారు. తేట. యేసుదాసు చెమట తుడుచుకుంటూ, "ఇంకోసారి మొయ్యమంటే మాత్రం నా వల్ల కాదు మేడమ్" అన్నాడు.

అప్పటికి మోయాల్సిన పని లేకపోయింది. శ్రీశైలమ్మ ఒక్కతే గదిలోకి వెళ్ళి, గూటి గోడను వేలి కణుపుతో కొట్టింది. ఠంగుమన్నది. పక్క గూటిని కొట్టింది. అదీ ఠంగుమన్నది. నల్లగా, నున్నగా, ముఖం కనబడేంత మెరుగు పెట్టిన మార్కాపురం పలకరాయి.

ఇంత చిన్న సంగతి! సంవత్సరం పొడుగునా కళ్ళ ముందే ఉండి కనబడలేదు. విశ్వవిద్యాలయం పంపిన నమూనాలో గూళ్ళకు మెత్తటి అట్టబోర్డు వేయమని ఉంది. కేంద్రం కమిటీ అధ్యక్షుడు పిచ్చయ్య అది చూసి, "మార్కాపురంలో ఉండి అట్టముక్కలు కొనేదేంది? దేశమంతా మన పలకల మీదనే అక్షరాలు దిద్దుతాంది" అని తన గని నుంచి పలకరాయి దింపించాడు. ఆ ఊళ్ళో ఏది కట్టినా ఆ రాయే. అరుగులకూ అదే, అలమార్లకూ అదే. ఎవరికీ తప్పనిపించలేదు. పైగా ప్రతి గూటి నెత్తిన తన తండ్రి పేరు చెక్కించాడు పిచ్చయ్య. ఆ రోజు అందరితోపాటు శ్రీశైలమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఎంతమంది పిల్లలను "నోరు తెరిచి పలకండి, నీళ్ళు నమలకండి" అని కసిరిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతున్నది. వాళ్ళు తెరిచిన నోళ్ళు తెరిచినట్టే చదివారు పాపం.

సరే, తెలిసింది. తెలిసి ఏం చేస్తుంది? గూళ్ళు పగలగొట్టలేదు. అట్టబోర్డు మార్కాపురం అంగళ్ళలో దొరకదు. ఇంట్లోని దుప్పట్లు తెచ్చి కట్టి చూసింది, మోత కాస్త తగ్గిందేమో గానీ పోలేదు. పాత చాపలు తెచ్చింది, అవి ఉండీ లేనట్టే. గడియారం వంక చూస్తే మధ్యాహ్నం కావస్తున్నది. అలిగినట్టు వరండా మెట్ల మీద కూలబడింది.

ఎదురుగా ఉన్నది పిచ్చయ్య చేనే. పంట కోసేశాక చేనుకు ఎరువు కావాలని మంద పెట్టించుకున్నాడు. రాత్రిళ్ళు గొర్రెలు అక్కడే పడుకుంటాయి, వాటి పెంటా మూత్రమూ భూమికి బలం. ఆ మంద వేరెవరిదో కాదు, శ్రీశైలమ్మ నాయన కాటమరాజుదీ ఆయన అన్నదమ్ములదీ. చేని గట్టున కర్రలు పాతి వాటి మీద గొంగళ్ళు కప్పి నీడ చేసుకుని, ఆ కింద కూర్చుని ఉన్నారు వాళ్ళు.

ఆ నీడను చూస్తూ చూస్తూ లేచి నిలబడింది శ్రీశైలమ్మ. చిన్నప్పుడు వానలో గొంగడి ముసుగేసుకుని గొంతు చించుకుని పాడితే, పక్కనే ఉన్న అమ్మ "ఏందే గొణుగుతాండావు?" అనేది. గొంగట్లో పడ్డ మాట గొంగట్లోనే ఉండిపోయేది.

"నాయనా, గొంగళ్ళు కావాల. అందరియ్యీ" అన్నది ఆయాసపడుతూ చేన్లోకి వెళ్ళి.

కాటమరాజు కూతుర్ని కింది నుంచి పైకి చూశాడు. "ఈ ఎండలో గొంగళ్ళు ఏం జేసుకుంటావమ్మా?"

"గూళ్ళకు కట్టాల."

"పలకలకు చలి పెడతాందా ఏంది?"

"నవ్వులాట గాదు నాయనా. మాట మోగుతాంది. మోగకుండా ఆపాల. రేపు సాయంత్రం తెచ్చిస్తా."

కాటమరాజు నవ్వు ఆగిపోయింది. "పిచ్చయ్యను అడిగినావా?"

"అడగల్యా."

"అడక్కుండా ఆయన రాయి మీద మన గొంగళ్ళు కడితే ఊరుకుంటాడా? ఆయన చేన్లో ఉండాం మేము. పొమ్మంటే ఈ ఎండల్లో మందను యాడికి తోలుకపోవాల?"

"అడిగితే వద్దంటాడు నాయనా. వద్దన్నాక కడితే ఇంకా తప్పు. రేపు ఆ మిషను కర్నూలు పోయిందంటే ఈ పక్క పిల్లలకు ఇంకెవరూ దాన్ని తెచ్చియ్యరు. నేను గూడా మీ మంద ఎనకాలే రావాల."

కాటమరాజు విసుగ్గా తల తిప్పుకున్నాడు. తర్వాత లేచి, నీడ కోసం కట్టిన గొంగళ్ళు తానే విప్పటం మొదలుపెట్టాడు. కింద కూర్చున్న తమ్ముళ్ళు ఎండ నెత్తిన పడి గొణిగారు. గొణగరా మరి? గొర్రెలు కాసేవాడికి గొంగడి అంటే పక్కా అదే, గొడుగూ అదే, ఇల్లూ అదే.

పలకకు మేకు దిగదు కాబట్టి దూలాలకు తాళ్ళు కట్టి వేలాడదీశారు. గూటి లోపలి గోడలకు, గూటి నోటికి, ఆఖరికి నెత్తిన చెక్కిన పేరు మీదుగా కూడా. ఇంక మొయ్యనన్న యేసుదాసే మిషనును మళ్ళీ లోపలికి చేర్చి, మూత బిగించి వెళ్ళాడు. గదంతా గొర్రెల వాసన కొట్టింది. ఫ్యాను వేస్తే దాని రొద టేపుకెక్కుతుంది కనుక ఫ్యాను లేదు. చదవటానికి వచ్చిన పిల్లలు ముక్కులు మూసుకుని ఒకరినొకరు పొడుచుకున్నారు.

"ముందు ఎవరు?" అన్నది శ్రీశైలమ్మ. ఎవరూ కదలలేదు. "నేను పోతా మేడమ్" అని ముందుకొచ్చింది రోశమ్మ. కనిగిరి పిల్ల, పిచ్చయ్య కూతురి కూతురు, చదువు కోసం తాత ఇంట్లో ఉంటున్నది. బాగా చదువుతుందని అందరూ అంటారు గానీ, ఆ మోతలో ఆమె గొంతు ఎట్లా ఉంటుందో నిజానికి ఎవరూ వినలేదు.

"చూడమ్మా, నాకుండేది ఇదొక్క రీలే. మిగతావన్నీ విశ్వవిద్యాలయానికి పోయినాయి. అందుకని టేపు అయిపోయేదాకా ఆపగూడదు. దగ్గొచ్చినా సరే, పక్కన పిడుగు పడినా సరే, చదువుతానే ఉండు" అని చెప్పి గొంగడి దించింది శ్రీశైలమ్మ.

ఎర్ర దీపం వెలిగింది. రీలు కదిలింది. శ్రీశైలమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

అబ్బ, ఏం గొంతు ఆ పిల్లది! మాటకూ మాటకూ మధ్య సందు తెలుస్తున్నది. వాక్యం చివర దిగుతున్నది, ప్రశ్న దగ్గర లేస్తున్నది. పేజీ తిప్పిన చప్పుడు కూడా విడిగా ఉంది. సంవత్సరం నుంచి ఈ గదిలో ఉన్న పిల్లను ఇప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది ఆమెకు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఏడుపో సంతోషమో తేల్చుకునే తీరిక మాత్రం దొరకలేదు. ఎవరో భుజం మీద కర్రతో తట్టారు.

హెడ్‌ఫోన్లు తీసి చూస్తే పిచ్చయ్య. తెల్ల పంచె, చేతిలో వెండిపొన్ను కర్ర. చేన్లో గొర్రెలవాళ్ళు ఎండలో కూర్చుని ఉండటం చూసి, నీడ ఏమైందిరా అని అడిగి, జవాబు విని, అట్నుంచి అటే వచ్చాడు.

"ఏంది పంతులమ్మా ఇది?"

"గొంగళ్ళు మామా."

"గొంగళ్ళని నాకూ తెలుసు." అంటూనే రోశమ్మ ఉన్న గూటి దగ్గరికి వెళ్ళి, నోటికి వేలాడుతున్న గొంగడిని కర్రతో పక్కకు లాగాడు. "మా నాయన పేరు మీద ఎందుకుండాయని అడుగుతాండా." తండ్రి పేరు బయటపడింది. లోపల చీకట్లో ఎవరో ఆడపిల్ల వీపు కనబడింది. ఎవరో ఏమిటో ఆయన చూసుకోలేదు, ఆయన చూపంతా పేరు మీదే ఉంది. టీచరు పిడుగు పడినా ఆపొద్దన్నది కనుక లోపలి పిల్ల ఆపలేదు.

శ్రీశైలమ్మ దగ్గరికి పోయి, వీలైనంత మెత్తగా చెప్పింది. "పలక గట్టిది మామా. మాట పోయి దానికి తగిలి మళ్ళీ వస్తాంది. వచ్చేలోపల ఇంకో మాట దాని మీద పడతాంది. గొంగడి మెత్తగుంటాది గాబట్టి మాటను అక్కడే ఉంచుకుంటాది. రేపు రీడరుగారు విని పోయేదాకా ఉండనీండి. ఆ తర్వాత నేనే విప్పిస్తా."

"మోగుతాదనే గదా నేను వేయించింది!" అన్నాడు పిచ్చయ్య. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ప్రారంభం నాడు నా ఉపన్యాసం పట్టి వినిపించినావే, గుళ్ళో గంట మాదిరి మోగింది గదా? ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ తోలుకొచ్చి ఇనిపించినా. పిచ్చయ్యకు ఇంత గొంతుందని తెలీదు అన్నారు ఊరంతా. ఇప్పుడు అదే తప్పంటావా?"

నిన్నటిదాకా అయితే ఆమె తల ఊపి ఊరుకునేదే. ఏడాది విసుగు ఉన్నట్టుండి నాలుక చివరికి వచ్చింది. "మోగింది మామా, లేదనడంల్యా. మీరేం చెప్పినారో ఆ చుట్టాల్లో ఒక్కరికన్నా తెలిసిందేమో అడిగినారా?"

పిచ్చయ్య ముఖం నల్లబడింది. మెడ మీది నరం లేచింది.

"ఓహో. నా రాయి తప్పు, నా గొంతు తప్పు, మీ గొర్రె బొచ్చు ఒప్పు. ఈ బడి లేచిందే నా జాగాలో. మీ నాయన పడుండేదీ నా చేన్లోనే. ఎన్ని ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నా ఆ పెంట కంపు మీ ఒంట్లోంచి పోదు. అది తెచ్చి మా నాయన పేరుకు పూస్తావా నువ్వు?"

శ్రీశైలమ్మకు చెవులు వేడెక్కాయి. అయినా గొంతు పెంచలేదు.

"ఆ పెంట మీ చేనుకు కావాల మామా. కాబట్టే మా నాయనను పిలిపించుకున్నారు. ఈ గొంగడి మీ గోడకు కావాల. అంతకుమించి నేనేం పూయల్యా."

పిచ్చయ్య కర్ర ఎత్తి గొంగడిని తాడుతో సహా లాగబోయాడు. అప్పుడే టపటపమని చప్పుడైంది. టేపు అయిపోయి, దాని కొస రీలు మీద కొట్టుకుంటున్నది. శ్రీశైలమ్మ పరుగెత్తి మీట ఆపింది. అప్పటిదాకా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

ఆమెకు ఆ క్షణాన తోచింది ఒక్కటే. ఈయనకు తాను చెబితే నమ్మడు, మిషను చెప్పనీ. "కూర్చోండి మామా. లాగేది తర్వాత లాగండి. ముందు ఇది వినండి" అని కుర్చీ జరిపింది. టేపు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ల తీగ పీకి, గదంతా వినబడేట్టు పెట్టింది. ఆ రీలు మీద రోశమ్మ చదువుతోపాటు ఇంకేం ఉందో ఆలోచించే స్థితిలో లేదు ఆమె.

గొంతు మొదలైంది. పిచ్చయ్య కర్ర నేలకానించి వింటూ ఉన్నాడు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, కానీ మాట విడివిడిగా పడుతుండటం తెలుస్తున్నది. కాసేపు విన్నాక ముఖం కాస్త సడలింది. "ఎవరు చదివేది?"

"నేనే తాతా" అన్నది గూటి దగ్గర నిలబడ్డ రోశమ్మ.

"నువ్వా?" పిచ్చయ్య మనవరాలి వైపు తిరిగి చూశాడు. మీసాల కింద నవ్వు లాంటిది కదిలింది. "నీ గొంతు ఇంత బాగుంటాదా?"

అంతలో టేపులో ముతక గుడ్డ పక్కకు లాగిన చప్పుడైంది. దాని వెనకే ఒక ముసలి గొంతు వచ్చింది. సన్నగా, జీరగా, చివర్లలో వణికే గొంతు. పిచ్చయ్య అదెవరా అన్నట్టు చుట్టూ చూశాడు. మా నాయన పేరు మీద ఎందుకుండాయని అడుగుతాండా, అన్నది ఆ గొంతు. పిచ్చయ్య చూపు ఆగిపోయింది.

టేపు ఆగలేదు. ఆపాలని శ్రీశైలమ్మకు తోచేసరికే ఆలస్యమైంది. రోశమ్మ చదువు ఒకపక్క నడుస్తూనే ఉంది, దాని మీదుగా గని యజమాని మాటలు ఒక్కొక్కటీ విప్పి పరిచినట్టు వినబడ్డాయి. మోత లేదు, గంట లేదు. ఒక కోపిష్టి ముసలాయన ఒక ఆడపిల్లను తిడుతున్నాడు, అంతే. పెంట కంపు దగ్గర రోశమ్మ తల దించుకుంది.

టేపు ఆపాక పిచ్చయ్య కర్రతో మిషను వైపు చూపించాడు. "అది నా గొంతేనా?"

"మీదే మామా."

"నేను మాట్లాడేటప్పుడు అట్లనే ఉంటాదా ఇనేవాళ్ళకు?"

శ్రీశైలమ్మ వంగి, పీకేసిన హెడ్‌ఫోన్ల తీగ చుట్టటం మొదలుపెట్టింది.

"తుడిపెయ్" అన్నాడు ఆయన.

"తుడిపితే రోశమ్మ చదివింది గూడా పోతాది. రెండూ కలిసిపోయినాయి."

"పోనియ్. మళ్ళీ చదివించు. నీ గొంగళ్ళు ఉండనీ, నేను ముట్టుకోను. ఇది మాత్రం తుడిపెయ్ తల్లీ." ఆ తల్లీ అన్న మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు.

అందుకు శ్రీశైలమ్మకూ అడ్డమేమీ లేదు. ఆ మాటలు మళ్ళీ వినాలని ఎవరికుంటుంది? రేపటిదాకా వ్యవధి ఉంది, గొంగళ్ళు ఉన్నాయి, పిల్ల ఉంది. తల ఊపి, టేపు మొదటికి తిప్పి, రోశమ్మను గూటిలోకి వెళ్ళమని, ఎర్ర మీట మీద వేలు పెట్టింది. అప్పుడు బయట జీపు ఆగింది.

"శ్రీశైలమ్మగారూ, రేపు గిద్దలూరులో పని పడిందండీ. అందుకని ఒకరోజు ముందే వచ్చేశాను" అంటూ రీడరు బ్రహ్మంగారు లోపలికి వచ్చాడు. గొంగళ్ళు చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఇవేమిటి?"

"మోత ఆపటానికండీ" అన్నది ఆమె.

"ఆగిందా?" ఆయన కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చున్నాడు. రీలు ఎక్కించి ఉండటం చూశాడు. "ఇదేనా మీరు చదివించి పెట్టింది? పెట్టండి విందాం. అరె, పిచ్చయ్యగారు కూడా ఉన్నారే. రండి, మీరూ వినండి."

పిచ్చయ్య కదలలేదు. శ్రీశైలమ్మ వంక చూశాడు. అడ్డంగా తల ఊపినట్టు, ఊపీ ఊపనట్టు ఊపాడు. టేపు లేదంటే జీపు వెనక తలుపు తెరుచుకుంటుంది. ఉన్నదంటే, ఎదుటి చేన్లో నీడ లేని నాయన సంగతి ఏమవుతుందో దేవుడికెరుక. ఆమె లెక్క వేసుకుంది. గొడవ మొదలయ్యేది సగం తర్వాత. ముందు సగం వినిపించి, గుడ్డ చప్పుడు రాకముందే ఆపేస్తే చాలు. ఒక చేత్తో మీట నొక్కి, రెండో చేతి బొటనవేలు ఆపే మీట మీద సిద్ధంగా ఉంచింది.

రోశమ్మ గొంతు గది నింపింది. బ్రహ్మంగారు మొదటి వాక్యానికే కళ్ళు పెద్దవి చేశాడు. "ఇది ఈ గదిలో పట్టిందేనా? అవే గూళ్ళా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా ముందుకు వంగి వినటం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు "భేష్" అన్నాడు. మూలనున్న పిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు. పిచ్చయ్య మాత్రం రీలు తిరగటాన్నే చూస్తున్నాడు. సగమైంది. శ్రీశైలమ్మ బొటనవేలు బిగుసుకుంది.

"వినేశారు కదండీ, ఆపనా?"

"ఆపకండి, ఆపకండి" అని బ్రహ్మంగారు ఆమె చెయ్యి మర్యాదగా పక్కకు జరిపి, మిషనును తన వైపు తిప్పుకున్నాడు. "ఏడాదిలో మొదటిసారి మీ కేంద్రం నుంచి ఒక మనిషి గొంతు వింటున్నాను. చివరిదాకా విననివ్వండి."

ముతక గుడ్డ పక్కకు లాగిన చప్పుడు వచ్చింది. బ్రహ్మంగారు భృకుటి ముడివేసి, ఇంకా బాగా వినబడాలని శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పాడు.

"ఇదేం చప్పుడు?"

శ్రీశైలమ్మ వెనక నుంచి సన్నగా, జీరగా, చివర్లలో వణుకుతూ ఒక గొంతు వినిపించింది. అది టేపులోంచి వచ్చింది కాదు.

"అది నా చేతికర్రండీ. దాని తర్వాత మాట్లాడేదీ నేనే."